ముక్కూ మొహం తెలియని వాళ్ల మీద బ్లఫ్ చేయవచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. లాస్ వేగాస్‌లో ఒక శుక్రవారం రాత్రి 1–3 డాలర్ల నో లిమిట్ హోల్డెమ్ పోకర్ బల్ల దగ్గర (ముక్కలు పంచకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే ‘బ్లైండ్’ పందేలు ఒకటి, మూడు డాలర్లు) కూర్చున్నారు. చుట్టూ ఉన్న ఎనిమిది మందిలో ఒక్కరినీ అంతకుముందు చూడలేదు. గంట తిరగకుండానే ముందున్న 300 డాలర్లూ ఒకే ఆటలో పోయాయి. చేతిలో జత కూడా లేకుండా, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా తెరిచే మొదటి మూడు ముక్కల దగ్గర (ఫ్లాప్), నాలుగో ముక్క దగ్గర (టర్న్), ఐదో ముక్క దగ్గర (రివర్) మూడుసార్లు పందెం పెట్టారు. ఒక పెద్దాయన ఎనిమిదుల జతతో చివరిదాకా వచ్చి పాట్ (మధ్యలో పోగైన పందెం సొమ్ము) మొత్తం పట్టుకుపోయారు. ‘కొత్తవాళ్ల మీద అసలు బ్లఫ్ చేయకూడదా, లేక నా బ్లఫ్‌లోనే లోపం ఉందా?’ అన్నది మీ సందేహం. బ్లఫ్ అంటే మంచి ముక్కలు లేకుండానే ఉన్నట్లు పందెం పెట్టి, ఎదుటివాళ్లు తమవి పారేసేలా చేయడం.

ముందు నా సంగతి చెప్పాలి. ఇరవై ఏళ్లుగా నెవాడాలోనూ కాలిఫోర్నియాలోనూ ఇలాంటి చిన్న బల్లల దగ్గరే ఆడుతున్నాను. జీతం వచ్చే పని వేరే ఉంది. పోకర్ మీద బతకాలని ఎన్నడూ అనుకోలేదు, బతకమని ఎవరికీ చెప్పను కూడా. పెద్ద పోటీలు ఆడేవాళ్లు నా మాటల్లో తప్పులు పట్టవచ్చు. వాళ్ల బల్ల వేరు. కానీ 1–3 బల్ల దగ్గర నేను పోగొట్టుకున్న డబ్బులో సగానికి పైగా మీరు పోగొట్టుకున్న పద్ధతిలోనే పోయింది. ఆ మేరకు మాట్లాడే హక్కు నాకు ఉందనుకుంటాను.

నా లెక్క ఇలా ఉంటుంది. కొత్త మనిషి గురించి మనకు తెలియనిది అతని బుద్ధి. అతని చేతిలో ముక్కలు ఎలా పడతాయో మాత్రం తెలుసు, ఎందుకంటే పేక ఎవరికైనా ఒక్కటే. అతను ముక్కలు కలవక పారేసే చోట బ్లఫ్ చేయవచ్చు. ముక్కలు కాస్తో కూస్తో కలిసిన తరువాత, ఆలోచించి, భయపడి, తీర్పు చెప్పుకుని పారేయవలసిన చోట మాత్రం ఆ తీర్పు ఎలాంటిదో ఒక్కసారైనా కళ్లారా చూసేదాకా చేయకూడదు. మొదటి రకం ఫోల్డ్ (ముక్కలు పారేయడం) ఎక్కువగా ఫ్లాప్‌లో దొరుకుతుంది. రెండో రకం రివర్‌లో కావలసి వస్తుంది. మీరు రెండో రకాన్ని, ఎన్నడూ చూడని మనిషి నుంచి, ఉన్న డబ్బంతా పెట్టి ఆశించారు.

ఇప్పుడు మీ ఆటను మెల్లగా తిప్పి చూద్దాం. మీరు బటన్ మీద, అంటే ఫ్లాప్ నుంచి అందరికంటే చివర ఆడే చోట ఉన్నారు. చేతిలో ఇస్పేటు ఆసు, డైమండ్ రాజు. ముందు ఇద్దరు మూడేసి డాలర్లు పెట్టి వచ్చారు, మీరు 15కి పెంచారు. ఆ ఇద్దరూ వచ్చారు, పెద్ద బ్లైండ్ పెట్టినవాడు కూడా వచ్చాడు. ఇక్కడిదాకా తప్పు లేదు, కాస్త ఎక్కువ పెంచినా బాగుండేది. పాట్‌లో 60 డాలర్లు. ఫ్లాప్‌లో ఆఠీను జాకీ, ఆఠీను ఎనిమిది, కళావరు నాలుగు పడ్డాయి. మీరు 40 పెట్టారు, ఇద్దరు అంతే పెట్టి కాల్ చేశారు. పాట్ 180 అయింది. టర్న్‌లో ఇస్పేటు రెండు. మీరు 80 పెడితే ఒకరు వెళ్లిపోయారు, పెద్దాయన ఉన్నారు. పాట్ 340. రివర్‌లో డైమండ్ నాలుగు. మిగిలిన 165 మొత్తం తోశారు. ఆయన కళావరు పది, కళావరు ఎనిమిది తెరిచి చూపించారు.

అసలు తప్పు రివర్‌లో కాదు, ఆ మొదటి 40లోనే ఉంది. 60 ఉన్న పాట్‌లో 40 పెడితే, ఆ పందెం తన ఖర్చు తాను రాబట్టుకోవాలంటే నూటికి నలభై సార్లు అందరూ పారేయాలి. ఎలాగంటే, మీరు పెట్టినదాన్ని, పాట్‌నూ పెట్టినదాన్నీ కలిపిన మొత్తంతో భాగించాలి: 40ని 100తో. ఎదురుగా ఒక్కడే ఉంటే నలభై శాతం పెద్ద కోరిక కాదు. కానీ ముగ్గురు ఉన్నారు. ఒక్కొక్కరూ నూటికి అరవై సార్లు పారేస్తారనుకున్నా, ముగ్గురూ ఒకేసారి పారేసేది నూటికి ఇరవై రెండు సార్లే. నలభై రావాలంటే ఒక్కొక్కరూ డెబ్భై నాలుగు సార్లు పారేయాలి. అదీ ఎలాంటి బల్ల మీద? జాకీ, ఎనిమిది, రెండు ఆఠీన్లు. మూడు డాలర్లు పెట్టి వచ్చేవాళ్ల చేతుల్లో ఉండే పది–తొమ్మిది, రాణి–పది, జాకీ–తొమ్మిది, రెండు ఆఠీన్లు, ఏదో ఒక ఎనిమిది అన్నీ ఈ ఫ్లాప్‌ను ప్రేమిస్తాయి; జత గానీ, వరస (ఐదు వరుస ముక్కలు) మీద ఆశ గానీ, ఫ్లష్ (ఒకే రంగు ముక్కలు ఐదు) మీద ఆశ గానీ వాటికి ఉంటుంది. మీ ఆసు–రాజుకు మాత్రం అక్కడ చుట్టం ఎవరూ లేరు.

ఆసు–రాజు పట్టుకుని చెక్ చేయడం (పందెం పెట్టకుండా వదలడం) చాలామందికి అవమానంగా అనిపిస్తుంది. నాకూ అనిపించేది. చేతిలోకి రాగానే గెలిచినట్లు సంతోషపడతాం కదా, ఫ్లాప్ తప్పిపోగానే ఆ సంతోషాన్ని వాపసు ఇవ్వడానికి మనసు ఒప్పుకోదు. నిజానికి చేతిలో జత లేని ఏ రెండు వేర్వేరు ముక్కలకైనా ఫ్లాప్‌లో కనీసం ఒక జత దొరికేది మూడింట ఒకసారే. ఆసు–రాజుకూ అంతే.

ఇప్పుడు రివర్‌కు వద్దాం, ఎందుకంటే అక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. పెద్దాయన చేతిలో ఏముండవచ్చు? జాకీ ఉన్న జత, ఎనిమిది ఉన్న జత, చేతిలోనే వచ్చిన చిన్న జత, లేదా ఫ్లష్ తప్పిపోయిన ఆఠీన్లు, వరస తప్పిపోయిన పది–తొమ్మిది. మీరు 165 తోస్తే తప్పిపోయినవాళ్లందరూ పారేస్తారు. సంతోషమే కదా అంటారేమో. కానీ వాళ్ల మీద మీరు అప్పటికే గెలిచి ఉన్నారు! బల్ల మీద నాలుగుల జత అందరిదీ. ఆ పైన మీకు ఆసు, రాజు. ఆసుతో కూడిన ఆఠీన్ల జంట తప్పిపోయినవాడు కూడా మీ రాజు ముందు ఓడిపోతాడు. అంటే చెక్ చేసి ఉంటే వాళ్ల దగ్గర ఎలాగూ గెలిచేవారు. మీ 165 నిజంగా పని చేయాల్సింది ఒక్క జతలున్నవాళ్ల మీద మాత్రమే. వాళ్లకేమో మీరు చాలా చవక బేరం ఇచ్చారు: 165 పెడితే 670 డాలర్ల పాట్. నూటికి పాతిక సార్లు మీరు బ్లఫ్ చేస్తున్నారని నమ్మితే చాలు, ఆయన కాల్ చేయడం లాభమే. ఆయన ఈ లెక్క వేశారని నేను అనుకోను. ‘ఇంతదాకా పెట్టాను, చూసి పోతాను’ అనుకుని ఉంటారు. కానీ లెక్క వేసినా అదే జవాబు వచ్చేది.

అందుకే రివర్‌లో బ్లఫ్ చేయాలంటే అప్పుడప్పుడు చూపిస్తే గెలిచే ఆసు–రాజుతో కాకుండా, చూపిస్తే ఎలాగూ ఓడిపోయే ముక్కలతో చేయడం మేలు. తప్పిపోయిన పది–తొమ్మిది మీ దగ్గర ఉండి ఉంటే కనీసం వాదించడానికి కాస్త చోటు ఉండేది. ఆ పెద్దాయన మీద అయితే దానికీ లేదు.

మనవాళ్లలో చాలామందికి ఈ పందెం తోసే అలవాటు మూడు ముక్కలాట నుంచి వస్తుంది. నాకూ అక్కడి నుంచే వచ్చింది; సంక్రాంతి సెలవుల్లో మామయ్యల మధ్య కూర్చుని నేర్చుకున్నాను. అక్కడ బ్లఫ్ పని చేసే తీరు వేరు. ముక్కలు చూసి ఆడేవాడు, చూడకుండా ఆడేవాడికి రెట్టింపు పెట్టాలి. ఇద్దరు మిగిలేదాకా షో అడగడానికి వీల్లేదు. కాబట్టి మధ్యరకం ముక్కలున్నవాడు ‘ఎంత పెడితే ఇది ముగుస్తుంది?’ అన్న ప్రశ్నకు జవాబు లేక, ఖర్చుకు భయపడి పారేస్తాడు. పైగా అన్ని ముక్కలూ మూసే ఉంటాయి, మీరు చెప్పే కథకు సాక్ష్యం అక్కరలేదు. హోల్డెమ్‌లో ఏడు ముక్కల్లో ఐదు అందరి ఎదుటా తెరిచి ఉంటాయి. మీ పందేలు ఆ ఐదింటితో పొసగాలి. రివర్‌లో ఒక్క కాల్‌తో ఆట ముగిసిపోతుంది, బల్ల మీద ఉన్నదాని కంటే ఎక్కువ పోయే ప్రమాదం లేదు. ‘ఇంకా ఎంత’ అన్న భయమే లేని చోట మూడు ముక్కలాట బెదిరింపు చెవిటివాడి ముందు శంఖం ఊదినట్లే.

ఇంకో అలవాటు టీవీ నుంచి వచ్చింది. 2003లో టెనెసీకి చెందిన అకౌంటెంట్ క్రిస్ మనీమేకర్ వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్ గెలిచి 25 లక్షల డాలర్లు పట్టుకుపోయాడు. ఆ ఏడాది పోటీకి వచ్చింది 839 మంది. మరుసటి ఏడాది 2,576 మంది వచ్చారు. 2003 పోటీ చివరి అంకంలో శామ్ ఫర్హా మీద అతను చేసిన బ్లఫ్‌ను చూడని పోకర్ ఆటగాడు ఉండడు. మీరూ దాన్ని తలచుకున్నారు. అందరూ మనీమేకర్ ధైర్యాన్నే చూస్తారు. నేను రెండు వేరే సంగతులు చూడమంటాను. ఒకటి, ఆ బ్లఫ్ ఒట్టి గాలిలోంచి పుట్టలేదు. టర్న్‌లో అతని ఇస్పేటు రాజుకు ఫ్లష్ అవకాశం ఉంది, ఏడుతో వరస కలిసే అవకాశం కూడా ఉంది. రెండూ రివర్‌లో తప్పాయి, అప్పుడు మొత్తం తోశాడు. రెండోది ముఖ్యమైనది: ఫర్హా దగ్గర తొమ్మిదుల జత ఉంది, బల్ల మీద అంతకంటే పెద్ద ముక్క లేదు. అలాంటి జతను పట్టుకుని, మూడు ఇస్పేట్లను చూసి, ఆలోచించి పారేయగలిగిన వృత్తి ఆటగాడు ఎదురుగా ఉన్నాడు కాబట్టే ఆ బ్లఫ్ చరిత్రలోకి ఎక్కింది. ఫర్హా స్థానంలో మీ పెద్దాయన కూర్చుని ఉంటే కాల్ చేసేవారు, మనీమేకర్ పేరు బహుశా మనకు తెలిసేది కాదు.

ఇంతకీ చిన్న బల్ల దగ్గరికి జనం ఎందుకు వస్తారు? నాకు ఈ ప్రశ్నకు జవాబు ఒకావిడ చెప్పారు. చాలా ఏళ్ల క్రితం, చదివే కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చుకుని కూర్చున్న ఆవిడ మీద, తప్పిపోయిన ఫ్లష్‌తో రివర్‌లో 120 డాలర్లు తోశాను. నా దృష్టిలో అది చాలా అందమైన బ్లఫ్. మూడు పందేలూ ఒకే కథ చెప్పాయి. ఆవిడ ఆరుల జతతో కాల్ చేశారు. ఉక్రోషం ఆపుకోలేక ‘ఎలా కాల్ చేశారు?’ అని అడిగాను. ‘రెండు గంటలు కారు నడుపుకుంటూ వచ్చింది పారేయడానికా?’ అన్నారు. ఎగతాళి కాదు, నిజంగానే చెప్పారు. ఆ రాత్రి గదికి వెళ్లి లెక్క రాసుకుంటే, నా కథను ఆవిడ వినలేదని, వినే ఉద్దేశంతో అసలు రాలేదని అర్థమైంది. వారమంతా కష్టపడి శుక్రవారం రాత్రి రెండు మూడు వందలు సరదాకు పక్కన పెట్టుకుని వచ్చిన మనిషికి పారేయడమే అసలైన నష్టం. చూడటం అతను కొనుక్కున్న వినోదం.

మీ వైపు నుంచి కూడా ఒక్క మాట. మీకు వాళ్లు ఎంత కొత్తో వాళ్లకు మీరూ అంతే కొత్త. బ్లఫ్ అంటే అప్పు అడగడం లాంటిది. కొత్త ఊళ్లో కిరాణా కొట్టు యజమాని మొదటి రోజే ఖాతా రాసుకోడు. మీరు కూర్చున్న ఆ గంటలో మీ ముక్కలు ఎవరికైనా తెరిచి చూపించారా? మంచి ముక్కలతోనే పెద్ద పందెం పెడతారని వాళ్లకు తెలిసే సంఘటన ఒక్కటైనా జరిగిందా? మీరు రాసినదాన్ని బట్టి, ఆ గంటలో నాలుగైదు సార్లు పెంచి, ఎవరూ రాకపోతే పాట్ తీసుకుని, ముక్కలు మూసే ఇచ్చేశారు. మీ లెక్కలో అది నిబ్బరమైన ఆట. పెద్దాయన లెక్కలో మాత్రం ‘ఈ అబ్బాయి ప్రతిసారీ పెంచుతున్నాడు, ఒకసారి చూడాలి’ అన్న నిర్ణయం మీ ఆసు–రాజు రాకముందే జరిగిపోయి ఉంటుంది.

అయితే కొత్తవాళ్లను ఎంతసేపు చదవాలి, ఏమి చూడాలి? నా మట్టుకు నేను మొదటి నలభై నిమిషాలు పెద్ద బ్లఫ్ జోలికి పోను, ఎంత అందమైన అవకాశం వచ్చినా సరే. ఆ సమయంలో నేను ఆడని ఆటలే నాకు ఎక్కువ విలువైనవి. పారేయగానే ఫోను తీసేవాళ్లను చూస్తే జాలి వేస్తుంది. వాళ్ల ముందే ఉచితంగా పాఠం జరుగుతోంది. ఎవరైనా చివర్లో ముక్కలు తెరిచినప్పుడు ఆ ఆటను వెనక్కి తిప్పి గుర్తు తెచ్చుకుంటాను. ఈ ముక్కలతో ఫ్లాప్‌లో ఎంత కాల్ చేశాడు? టర్న్‌లో భయపెట్టే ముక్క పడినప్పుడు ఏమి చేశాడు? మూడో జతతో (బల్ల మీది మూడో పెద్ద ముక్కతో కలిసిన జత) రెండు పందేలు కాల్ చేసిన మనిషి ఒక్కసారి కనిపిస్తే చాలు, ఆ రాత్రంతా అతని మీద బ్లఫ్ చేయను.

పారేసినప్పుడు తెరిచి చూపించేవాళ్లను మాత్రం ప్రత్యేకంగా గుర్తు పెట్టుకోండి. ‘చూడండి, రాణుల జతను పారేశాను’ అని పక్కవాడికి చూపించి తల ఊపేవాడు, తన తెలివిని నలుగురూ మెచ్చుకోవాలనుకునే మనిషి. పారేయడంలో అతనికి గౌరవం కనిపిస్తుంది. చిన్న బల్ల దగ్గర బ్లఫ్‌కు ఇంతకంటే మంచి శ్రోత దొరకడు. రోజూ ఉదయమే వచ్చి అదే కుర్చీలో కూర్చునే రిటైరైన పెద్దవాళ్లలోనూ ఇలాంటివాళ్లు కొందరు ఉంటారు. చాలా తక్కువ ఆటలు ఆడతారు, పెద్ద పందెం చూస్తే మంచి ముక్కలే అనుకుంటారు. కానీ వయసు చూసి ఆ నిర్ణయానికి రాకండి. మీ పెద్దాయనే సాక్ష్యం. ఆయన మూడు డాలర్లు పెట్టి కళావరు పది–ఎనిమిదితో వచ్చి, 15కి పెంచినా ఉన్న మనిషి. జుట్టు తెల్లగా ఉన్నంత మాత్రాన గట్టి ఆట కాదు. ఎన్ని ఆటల్లో దిగుతున్నాడో లెక్కపెట్టండి. ఒక రౌండులో తొమ్మిది ఆటలు పంచితే ఐదారింటిలో దిగేవాడు పారేయడానికి రాలేదు.

చెవుల్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని చిప్‌లను వేళ్ల మధ్య తిప్పే కుర్రవాళ్లు పారేయగలరు. వాళ్లు మీ కథ వింటారు, పొసగుతోందా లేదా అని తూకం వేస్తారు. చిక్కేమిటంటే పొసగకపోతే ఆసు ఒక్కటే పెట్టుకుని కూడా కాల్ చేస్తారు. వాళ్ల మీద చేసే బ్లఫ్ తప్పులు లేకుండా ఉండాలి. అప్పుడే పెద్ద పాట్ పోగొట్టుకుని, ముఖం ఎర్రబడి, జేబులోంచి మరో వంద తీసినవాడి మీద ఎలాంటి బ్లఫ్ అయినా వృథా. ముందు 60 డాలర్లే మిగిలినవాడి మీద కూడా అంతే; అవి ఎలాగైనా పెట్టేసి లేచిపోవాలని చూస్తుంటాడు. బల్ల దగ్గర నాలుగో గ్లాసు తాగుతూ నవ్వుతున్నవాడి సంగతి చెప్పనవసరం లేదు.

వీటిలో ఏదీ కనిపించకపోతే, మనిషి అసలు అంతుబట్టకపోతే, 1–3 బల్ల దగ్గర అతను కాల్ చేసే రకమే అనుకుని మొదలుపెట్టండి. తప్పయితే ఒకటి రెండు చిన్న పాట్లు వదులుకుంటారు. పారేసే రకం అనుకుని తప్పయితే ఏమవుతుందో మీకు తెలిసింది.

ఇక కొత్తవాళ్ల మీద కూడా నేను నిశ్చింతగా చేసే బ్లఫ్‌లు ఉన్నాయి. మీరు పెంచారు, ఒక్కడే వచ్చాడు, పాట్‌లో 30 ఉంది. ఫ్లాప్‌లో రాజు, ఏడు, రెండు, మూడూ వేర్వేరు రంగులు. మీ చేతిలో ఏమున్నా 10 డాలర్లు పెట్టండి. అది నూటికి పాతిక సార్లు పని చేస్తే ఖర్చు వచ్చేస్తుంది. అలాంటి బల్ల మీద వరసకు గానీ ఫ్లష్‌కు గానీ ఎదురుచూసేవాడు ఉండడు. ఏదో ఒక జత లేనివాడికి పట్టుకుని ఉండటానికి కారణమే కనిపించదు. కాల్ చేయడం అంటే ప్రాణమైన మనిషి కూడా ‘నాకు ఏమీ కలవలేదు’ అని పారేస్తాడు. అతని బుద్ధి మీకు తెలియనవసరం లేదు, ముక్కలే ఆ పని చేసి పెడతాయి. అతను కాల్ చేశాడా, అక్కడితో ఆపేయండి. ఆ 10 డాలర్లు ప్రశ్నకు ఖరీదు, జవాబు వచ్చేసింది. చాలామంది జవాబు విన్న తరువాత అదే ప్రశ్నను ఇంకా గట్టిగా అడుగుతారు. మీరు టర్న్‌లోనూ రివర్‌లోనూ చేసింది అదే.

రెండోది, చేతిలో ప్రాణం ఉన్న బ్లఫ్. మీ చేతిలో రెండు ఆఠీన్లు, ఫ్లాప్‌లో రెండు ఆఠీన్లు ఉంటే ఇంకా తొమ్మిది ఆఠీన్లు కనిపించకుండా ఉన్నాయి. రివర్ లోపు ఒకటి పడే అవకాశం దాదాపు 35 శాతం, ఒక్క ముక్కకైతే 19 శాతం పైన. ఇద్దరు ఎదురుగా ఉన్నా అప్పుడప్పుడు పందెం పెడతాను, ఎందుకంటే వాళ్లు పారేస్తే సరే, పారేయకపోయినా మూడింట ఒకసారి పైగా పెద్ద పాట్ గెలిచే దారి ఉంది. కాకపోతే నిజాయితీగా చెప్పాలి: ఎదుటివాడు ఎప్పటికీ పారేయడని తెలిసిపోతే ఇక్కడ కూడా చెక్ చేసి ఉచితంగా ముక్క చూడటమే మేలు. ఆఠీను పడ్డాక ఎలాగూ అతనే డబ్బు ఇస్తాడు.

మూడోది, ఎవరికీ అక్కరలేని పాట్. ఫ్లాప్‌లో అందరూ చెక్, టర్న్‌లోనూ మీ దాకా అందరూ చెక్ చేస్తే సగం పాట్ పెట్టి చూడండి. చిన్న మొత్తాలే కానీ తరచుగా వస్తాయి. ఫ్లాప్‌కు ముందు ఒట్టి బ్లైండ్లను దొంగిలించడం మీద మాత్రం నాకు పెద్ద గౌరవం లేదు. నాలుగు డాలర్ల కోసం పదిహేను పెట్టడం కొండను తవ్వి ఎలుకను పట్టినట్లు. చిన్న పాట్లలో క్యాసినో తీసుకునే వాటా కూడా లెక్కలోకి వస్తుంది. వేగాస్‌లో ఎక్కువ చోట్ల పాట్‌లో పదో వంతు, కొన్ని డాలర్ల గరిష్ఠ పరిమితి దాకా, ఫ్లాప్ దాకా వెళ్లిన ఆటల్లో తీస్తారు. దాని మీద జాక్‌పాట్ కోసం ఇంకో డాలరో రెండో, పంచేవాడికి మీరిచ్చే డాలరు. 20 డాలర్ల పాట్ కోసం పోరాడి గెలిస్తే చేతికి వచ్చేది 20 కాదు.

మీ ప్రశ్నలో కనిపించని మాట ఒకటి నాకు కొట్టొచ్చినట్లు కనిపించింది. ఎనిమిదుల జతతో 285 డాలర్లు పెట్టే మనిషి ఎదురుగా కూర్చున్నాడని తెలిసి మీకు కోపం వచ్చింది. నాకైతే కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చోవాలనిపిస్తుంది. అదే ఫ్లాప్‌లో మీ చేతిలో జాకీల జత ఉండి ఉంటే? ఆసు–జాకీ ఉన్నా చాలు. 40, 80, 165 అన్న అవే మూడు పందేలకు ఆయన అవే మూడు కాల్‌లు చేసేవారు. పారేయని మనిషి మీద చేయవలసింది బ్లఫ్ మానేయడం ఒక్కటే కాదు, మంచి ముక్కలు వచ్చినప్పుడు మామూలుగా పెట్టేదాని కంటే పెద్ద పందెం పెట్టడం. బ్లఫ్ మానేసి పందేలు కూడా పిరికిగా తగ్గించినవాడు రెండు వైపులా నష్టపోతాడు. ఇంకో మాట, ఇలాంటి మనిషి టర్న్‌లోనో రివర్‌లోనో ఉన్నట్టుండి మీ మీద రైజ్ చేస్తే (మీ పందేన్ని పెంచితే) నమ్మి పారేయండి. కాల్ చేయడానికి వచ్చినవాడు రైజ్ చేశాడంటే అతని చేతిలో ఉన్నది ఒట్టి జత కాదు.

మీ ప్రశ్న కింద ఇంకొకరు, హైదరాబాద్‌లో ఉంటూ ఫోనులో ఇది సాధన చేయవచ్చా అని అడిగారు. డబ్బు పెట్టి ఆడటం గురించైతే వద్దు. పందెం పెట్టే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్ట సవరణలతో నిషేధించాయి. 2025లో కేంద్రం తెచ్చిన చట్టం దేశమంతటికీ వర్తిస్తుంది. ఉత్త చిప్‌లతో ఆడే ఆటల్లో బ్లఫ్ ఎలాగూ నేర్చుకోలేరు. పోయేదేమీ లేనివాడు దేన్నీ పారేయడు. ఆట నియమాలు, పాట్ లెక్కలు అలవాటు కావడానికి మాత్రం పనికొస్తాయి.

చివరగా మీరు రాయని వివరం ఒకటి నాకు కావాలి. ఫ్లాప్‌లో మీరు 40 పెట్టినప్పుడు పెద్దాయన కాల్ చేయడానికి ఎంతసేపు తీసుకున్నారు? మీ చేయి బల్ల మీది నుంచి వెనక్కి రాకముందే చిప్‌లు వేశారంటే, ఆయన రైజ్ చేయాలా అని గానీ పారేయాలా అని గానీ ఆలోచించనే లేదు; ఏదో ఒకటి కలిసింది, ఉండిపోదాం అనుకున్నారు. అలాంటి కాల్ వెనుక మధ్యరకం జత లేదా ఫ్లష్ కోసం ఎదురుచూపు ఉండటం నేను ఎక్కువగా చూశాను. ఆ ఒక్క క్షణమే మిగిలిన 245 డాలర్లను కాపాడి ఉండేది. గుర్తుంటే రాయండి, టర్న్‌లో మీకు ఏమి కనిపించి ఉండాలో దాన్ని బట్టి చెబుతాను.